గంప ఎత్తని మేనమామ

మొన్న పక్కింటి కోడలు మా అరుగు మీద కూర్చుని, మస్కట్ నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఎంతసేపని ఫోన్‌ను అడిగింది. మూడు గంటల చిల్లర అని అందులోంచి ఓ ఆడగొంతు తియ్యగా చెప్పింది. ఆ గొంతు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చేతుల నిండా చింతపండు ఉంది కాబట్టి ఆ ఫోన్ బతికిపోయింది. సరిగ్గా ఈ లెక్క పట్టుకునే మూడేళ్ల కిందట నా తమ్ముడు నలుగురిలో నా పరువు తీశాడు.

వాడు మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. అక్కడికి పోయినప్పటి నుంచి భూమి మీది దూరాలు వాడి కంటికి ఆనడం మానేశాయి. పర్ణశాల దగ్గర మా ఊళ్లో ఖమ్మం బస్సు కోసం గంటలకొద్దీ నిలబడి పెరిగినవాడే, "ఒక సిన్మా చూసి చిన్న కునుకు తీస్తే హైదరాబాదేనక్కా" అని కోతలు కోసేవాడు. మా అమ్మాయి పెళ్లికి ముందురోజే రమ్మని బతిమాలాను. మాలో పెళ్లికూతుర్ని మేనమామే గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావాలి. నా పుట్టింటి వైపు మిగిలింది వాడొక్కడే. నాకు దిక్కెవరూ లేరని మా ఆడబిడ్డ నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ దెప్పుతూనే ఉంది. తమ్ముడు గంప ఎత్తితే ఆ పూటన్నా దాని నోరు మూతపడుతుందని నా ఆశ. "ఏందక్కా, నాకు లెక్క తెల్వదా? తెల్లారంగ దిగుత, ముహూర్తం కంటె ముందే నీ ముంగటుంట" అన్నాడు. హైదరాబాద్‌లో దిగాక మా ఊరు చేరడానికి, విమానంలో కూర్చున్నదానికి రెండింతల సేపు పడుతుందన్న సంగతి ఆ మహానుభావుడి లెక్కలో లేదు.

విమానం మాత్రం వేళకే దిగింది. ఖమ్మం దాటాక ఇల్లందు మీదుగా అడ్డదారి ఉందని తనే డ్రైవర్‌ను మళ్లించి, బొగ్గు లారీల వెనక ఇరుక్కున్నాడు. ఇక్కడ పంతులు తొందరపెడుతున్నాడు. గంపలో కూర్చున్న పిల్ల చెమటతో తడిసిపోతూ వాకిలి వైపే చూస్తోంది. ఆడబిడ్డ నా పక్కకొచ్చి అందరూ వినేలా, "ఏంది వదినె, మీ తమ్ముడు ఇంక మబ్బులల్లనే ఉన్నడా? మా ఆయనను ఎత్తుమంటవా?" అంది. నాకు ఒళ్లు మండింది. కొంగు నడుముకు బిగించి గంప నేనే ఎత్తాను. "అమ్మా, పడేస్తవే!" అని పిల్ల కేక పెట్టింది. పడేయలేదు. నా నడుము మాత్రం ఆనాటి నుంచి నా మాట వినడం లేదు.

ఆఖరి బంతి కూడా లేచాక వాడు కారు దిగాడు. సెంటు వాసన వాడికంటే ముందే పందిట్లోకి వచ్చింది. తప్పయిందని అనకపోగా, "నేను రాకముందే ఎట్ల కానిచ్చినవ్? గంప ఎత్తేది నేను గదా! పిల్లను మళ్ల కూసోమను, ఎత్తుత" అని నా మీదే గయ్యిమన్నాడు. ఆ పిచ్చిపిల్ల మెడలో పసుపుతాడుతో నిజంగానే లేచి గంప వైపు నడిచింది. "తాళి పడ్డంక నీ గంప ఎవరిక్కావాల్రా?" అన్నాను. ఆడబిడ్డ పగలబడి నవ్వింది. వాడు మెతుకు ముట్టకుండా అదే కారెక్కాడు. అప్పటి నుంచి వాడితో నాకు మాటల్లేవు, ఉండవు కూడా. విమానాలకేం, రోజూ వస్తాయి, వాడూ సెలవు దొరికినప్పుడల్లా వస్తాడు. నా బిడ్డ పెళ్లికూతురై మేనమామ కోసం వాకిలి వైపు చూసిన పొద్దు ఒక్కటే, అది వాడు లేకుండానే గడిచిపోయింది.