జొన్నరొట్టెల మీద వరుసకొచ్చిన పళ్ళు

మొన్న మా మనుమరాలిని వెంటబెట్టుకొని కరీంనగర్‌లో పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాము. పిల్లకు పైపళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, వాటికి తీగెలు వేయించాలి. ఏటేటా వేలకు వేలు పోసి కడుతున్న బీమా ఉంది కదా అని మా కొడుకు ధీమాగా ఫోన్ చేస్తే, పళ్ళు పీకించుకుంటే ఇస్తాం గాని వరుస చేయించుకుంటే ఇవ్వం, అది రోగం కిందికి రాదు, అందం కిందికి వస్తుంది అని అటునుంచి ఎవరో అమ్మాయి తియ్యగా చెప్పిందట. మావాడు ఎగిరెగిరి పడుతున్నాడు, నాకేమో నవ్వు ఆగలేదు. నవ్వుతావేందమ్మా అని వాడు నా మీదికి కూడా వచ్చాడు గాని, ఏం చేయను చెప్పండి, ఇదే మాట నేను అరవై ఏళ్ళ కింద బొగ్గుబాయి దవాఖానలో, నన్ను కన్న మా అవ్వ కొంగు పట్టుకొని నిలబడి, ఇంచుమించు ఇవే ముక్కల్లో విన్నదాన్ని.

నిజాం రాజ్యం పోయి, హైదరాబాదు స్టేటు కూడా పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేళ్ళైన కాలం అది. మంచిర్యాల నుంచి పైకి పోతే వచ్చే బొగ్గుబాయిల దగ్గర, కంపెనీ కట్టించిన ఒంటిగది ఇండ్ల వరుసల్లో మా కాపురం. వాటిని లైన్లు అనేవాళ్ళం. మా నాన్నను బాపు అనేవాళ్ళం, ఆయనది బాయిలోపల బొగ్గు టబ్బులు నెట్టే పని. నాకు పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చినప్పటి నుంచి అవి నాకన్నా ముందు నడవడం మొదలుపెట్టాయి. ఎంత బిగబట్టినా పెదవులు కలిసేవి కావు. వానొస్తే మొదలు దీని పండ్లే తడుస్తయి అని లైన్ల పిల్లలు ఎక్కిరించేవాళ్ళు, అదేదో పెద్ద కొత్త మాట కనిపెట్టినట్టు ప్రతి వానాకాలమూ అదే మాట. నేనూ ఊరుకునే రకం కాదు, రాయి తీసుకొని వెంటపడేదాన్ని. కాని బడిలో రాయి పనిచేయదు కదా. పాఠం చదవడానికి నేను లేచి నిలబడగానే ముందు వరుసలో పిల్లలు మొహాలు తుడుచుకునేవాళ్ళు, తుంపర్లు పడకముందే. ఒకనాడు పంతులుగారు కూడా పెదవి బిగబట్టి నవ్వు దాచుకోవడం చూశాను. ఆ మరునాటి నుంచి నేను బడికి పోనంటే పోనన్నాను. కొట్టినా పోలేదు, బెల్లం పెట్టినా పోలేదు.

బాపుకు ఇది పెద్ద విషయంగా తోచలేదు. పండ్లెట్లుంటే ఏంది, బువ్వ నములుతున్నయా లేదా అన్నాడు. అవ్వకు మాత్రం నిద్ర పట్టలేదు. తనకు వేలిముద్ర తప్ప ఏమీ రాదు గనుక, తన బిడ్డ నాలుగక్షరాలు నేర్చి, ఎక్కడో ఒకచోట కుర్చీలో కూర్చోవాలని ఆమె ఒకే ఒక్క ఆశ పెట్టుకుంది. పళ్ళ మూలంగా ఆ ఆశ మట్టిలో కలిసిపోతుంటే చూస్తూ కూర్చునే మనిషి కాదు మా అవ్వ. నన్ను లాక్కొని కంపెనీ దవాఖానకు పోయింది. కూలివాళ్ళకు, వాళ్ళ ఇంటివాళ్ళకు అక్కడ వైద్యం ఉచితం. జ్వరానికీ దగ్గుకూ ఒకే ఎర్రమందు సీసాలో పోసి ఇచ్చేవాళ్ళు. డాక్టరు సారు మంచివాడే. నా నోరు తెరిపించి చూసి, నొప్పుంటే పీకుతాను, కంపెనీ లెక్కలో అది ఉంది, సరిచేయడం మాత్రం లేదు, అందానికి కంపెనీ పైసలివ్వదమ్మా అన్నాడు.

లైన్లలో ఆడవాళ్ళకు ఈ సంగతి తెలిసి పంచాయితీ పెట్టారు. నొప్పని చెప్పాలె, నొప్పంటే అది రోగమైతది, రోగమైతే కంపెనీయే హైదరాబాదు పంపుతది, ఇందులో ఫికర్ చేసేది ఏముంది అని అందరూ తేల్చారు. నాకు ఏడ్పు నేర్పించారు. నేను నేర్చుకున్నాను, కొంచెం ఎక్కువే నేర్చుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ దవాఖానకు పోయి, దవడ పట్టుకొని, నేల మీద పడి పొర్లి, వరండాలో ఉన్న రోగులంతా తమ రోగాలు మరిచిపోయి చూసేటట్టు ఏడ్చాను. డాక్టరు సారు పాపం పరేషాన్ అయిపోయాడు. ఇంత నొప్పితో పిల్లను హైదరాబాదు దాకా ఎట్లా పంపుతామమ్మా, ఇప్పుడే తీసేస్తాను అని పట్టకారు చేతిలోకి తీసుకున్నాడు. ముందుపళ్ళు నాలుగూ! అవ్వ నన్ను చంకలో ఇరికించుకొని పరుగు పెట్టిన పరుగు లైన్లలో చాన్నాళ్ళు కథగా చెప్పుకున్నారు. వెనక కంపౌండరు, అమ్మా, ఉచితమే, ఉచితమే అంటూ గేటు దాకా వచ్చాడు.

సాయంత్రం అవ్వ ఒక్కతే తిరిగి వెళ్ళి ఉన్నమాట చెప్పుకుంది. ఆయన కోపగించుకోలేదు, కడుపుబ్బ నవ్వి, హైదరాబాదులో పళ్ళ దవాఖాన ఉంది, అక్కడ ఒక డాక్టరమ్మ ఇట్లాంటివి సరిచేస్తుంది అని చెప్పాడు. బీదవాళ్ళకు ఫీజు తగ్గిస్తారు గాని తీగెల ఖర్చు మనమే పెట్టుకోవాలి, నెలనెలా పోయి బిగింపు చేయించుకోవాలి, మధ్యలో మానేస్తే పళ్ళు మళ్ళీ దారి తప్పుతాయి, మొదలుపెడితే చివరిదాకా తేవాలి, లేకుంటే మొదలే పెట్టకు అని హెచ్చరించాడు కూడా. బాపు తెచ్చే జీతం నెలాఖరుదాకా ముక్కి మూలిగి చేరేది. అయినా అవ్వ నా ముందు కూర్చొని, నేను నీ పండ్లు సక్కగ చేయిస్త, నువ్వు బడికి పోవాలె, మాట తప్పితే నీ పండ్లు నేనే రాలగొడత అంది. నేను సరేనన్నాను.

ఆమె ఆలోచించింది ఇదీ. లైన్ల చివర పెండ్లాం పిల్లలను ఊళ్ళల్లో విడిచివచ్చిన మగవాళ్ళు గదికి నలుగురైదుగురు ఉండేవాళ్ళు. బాయిలో నుంచి ఎక్కివచ్చి, ఒళ్ళు కడుక్కొని, సగం ఉడికిన అన్నమో మాడిన అన్నమో తినే బతుకు. నెలకింతని తీసుకొని వాళ్ళకు జొన్నరొట్టెలు చేసి పెడతానని అవ్వ కబురు పెట్టింది. మొదట వచ్చినవాడు పెన్‌గంగ నది అవతలి మరాఠీ ఆయన. రొట్టె చూసి ఆయనకు కండ్లలో నీళ్ళు తిరిగాయి, వాళ్ళమ్మ చేసే భాకరీ గుర్తొచ్చిందట. ఆయన వెనక మిగిలినవాళ్ళు వచ్చారు. రొట్టె, పప్పు, వెల్లిపాయ కారం, అంతే. నేను అందరినీ కాకా అని పిలిచేదాన్ని. దాచడం అవ్వకు చేతకాదు గనుక, ఇది మా పొట్టకు కాదు, మా పిల్ల పండ్లకు అని మొదటి రోజే అందరికీ చెప్పేసింది. బాపుకు ఇది సిగ్గయింది. ఆలి కష్టం తింటున్నడు అని నలుగురూ అంటారని, వాళ్ళు తినే వేళకు ఇల్లు విడిచి బయట అరుగు మీద వీపు తిప్పి కూర్చునేవాడు.

ఆ రొట్టెల పైసలతో నేను హైదరాబాదు పోయాను, జీవితంలో మొదటిసారి. డాక్టరమ్మ ఒక్కో పంటికి సన్నటి ఇనుప పట్టీ తొడిగి, వాటిని కలుపుతూ తీగె బిగించింది. ఆ నొప్పి ఎవరికి చెప్పను, ఎవరికి పంచను! ఇల్లంతా జొన్నరొట్టెల వాసన, నాకేమో రొట్టె కొరకడానికి లేదు. అందరూ నా కండ్లముందర కరకరా నములుతుంటే నేను మజ్జిగలో గట్క, అంటే జొన్నరవ్వ సంకటి, కలుపుకొని జుర్రుకునేదాన్ని. బడిలో నోట్లో రైలుపట్టాలు అన్నారు, అననీ. ఎందుకంటే సాయంత్రం కాగానే కాకలంతా విస్తర్ల ముందు కూర్చొని, ఏదీ బిడ్డా నోరు తెరువు, ఎందాక వచ్చినయి అని ఒక్కొక్కరే చూసేవాళ్ళు, జర జరిగినయి, నిన్నటికన్న మంచిగున్నయి అని మెచ్చుకునేవాళ్ళు. అంతమంది రోజూ చూసి మెచ్చుకునే నోరు ఆ జిల్లాలో ఇంకొకరికి లేదు! నేను మళ్ళీ లేచి నిలబడి పాఠం చదవడం మొదలుపెట్టాను.

పని సగానికి వచ్చిందనగా, పిండి కలపడానికి కాచిన ఎసరు నీళ్ళు అవ్వ కుడిచేతి మీద ఒలికాయి. చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. పొయ్యి ఆరింది. ఆమె చేతినొప్పికి ఏడవలేదు, నెల తప్పితే పళ్ళు ఎనకకు పోతయి, పోయినయంటే మళ్ళ మొదటికొస్తది, నా బిడ్డ మళ్ళ ఇంట్ల కూసుంటది అని ఏడ్చింది. వేరేచోట చూసుకోండయ్యా అని కాకలకు చెప్పింది. అప్పుడు అరుగు మీద వీపు తిప్పి కూర్చున్న మా బాపు లేచి లోపలికి వచ్చి, చేతులు కడుక్కొని, పిండి ముందర కూర్చున్నాడు.

టబ్బులు నెట్టిన చేతులు అవి. రొట్టె తట్టబోతే పీట విరిగేటట్టుంది. మరాఠీ కాక నవ్వు ఆపుకోలేక బాపు పక్కన చేరాడు, ఆ వెంట ఇంకొకాయన. అవ్వ గడపలో కూర్చొని, కాలిన చెయ్యి ఒడిలో పెట్టుకొని, నీళ్ళు ఎక్కువైనయి, అంచు పగిలింది, అది రొట్టెనా డాలా అని తిడుతుంటే, గోళ్ళల్లో బొగ్గు ఇంకా పోని ఆ మగవాళ్ళంతా తలలు వంచుకొని రొట్టెలు తట్టారు. ఒక్కటీ గుండ్రంగా రాలేదు, సగం మాడాయి, సగం పచ్చివి. చెయ్యి మానేదాకా పనిదిగి వచ్చి తమ రొట్టెలు తామే చేసుకున్నారు, తిన్నారు, జీతం రోజున ఎప్పటిలాగే పైసలు అవ్వ ముందు పెట్టారు. ఆమె వద్దంటే మరాఠీ కాకకు కోపమొచ్చింది. రొట్టెకు గాదు వదినా, పిల్ల పండ్లకు ఇస్తున్నం, నడుమ ఇడిసిపెట్టనీకి నువ్వెవరివి అన్నాడు. నేను ఒక్క నెల కూడా తప్పకుండా హైదరాబాదు పోయాను.

తీగెలు విప్పిన రోజు డాక్టరమ్మ అద్దం చేతికిచ్చింది. పెదవులు కలిశాయి. నాకు నేనే కొత్తమనిషిని అనిపించి, బండిలో తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా కిటికీ బయటికి ఊరికే నవ్వుతూ కూర్చున్నాను, పక్కవాళ్ళు పిచ్చిదనుకున్నా సరే. లైన్లకు చేరేసరికి షిఫ్టు దిగే వేళ. కాకలు స్నానానికి కూడా పోకుండా, మొహాల నిండా మసితో, మా ఇంటి ముందు వరుసకట్టారు. నవ్వుమన్నారు, నవ్వాను. మరాఠీ కాక ముందుకొచ్చి నా ముందుపంటి మీద వేలు పెట్టి, గిది నాది అన్నాడు. దాని పక్కది నాది అని ఇంకొకాయన. గట్లెట్ల, ముందు నేను చూసిన అని మరొకాయన. నా నోట్లో పళ్ళు పొలం గట్లయిపోయాయి, పంపకాల దగ్గర నిజంగానే మాట పెరిగింది. బాపు అందరినీ తోసుకొచ్చి, అరే, కన్నోణ్ణి, నాకొక్క దవడపన్నన్న ఇడువుండ్రిరా అన్నాడు. అవ్వ నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడింది. అంత నవ్వు నేను ఆమె మొహంలో మళ్ళీ నా ఉద్యోగం రోజునే చూశాను. నేను పంతులమ్మనై ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాల్లో ఎన్ని బడుల్లో ఎన్ని పాఠాలు గొంతెత్తి చదివానో, ముందు వరుసలో ఒక్క పిల్లా మొహం తుడుచుకోలేదు.

ఆ లైన్లు ఇప్పుడు లేవు. ఆ జాగాలో పెద్ద గొయ్యి తవ్వి బొగ్గు తీస్తున్నారు. కాకల్లో కొందరు బొగ్గుదుమ్ముకు ఊపిరి అందక పోయారు, కొందరు ఊళ్ళకు తిరిగిపోయారు, మరాఠీ కాక పోయిన కబురు ఏడాది ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు మా ఇండ్లల్లో డబ్బుకు కరువు లేదు, ఇట్లా కార్డు గీకితే అట్లా పని అవుతుంది, ఎవరినీ అడగనక్కరలేదు, ఎవరికీ చెప్పనక్కరలేదు. మంచిదే, ఆ కష్టం మళ్ళీ రావద్దు. కాని పోయినేడు నాకు ముందుపన్ను ఒకటి కదిలి కదిలి ఊడిపోయింది. అరచేతిలో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. అది మరాఠీ కాకది. ఇంట్లో చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పకుండా ఏడ్చాను. దాని జాగాలో డాక్టరు పెట్టుడుపన్ను పెట్టాడు. తెల్లగా, చక్కగా, అసలుదానికన్నా బాగుంది. అది ఎవరిదీ కాదు.