సవరణమ్మకు దొరికిన తప్పు

ఆవిడ అసలు పేరు ఆఫీసులో సగం మందికి తెలీదు. అందరికీ సవరణమ్మే. మొదట వెనకాల అనుకునేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. తప్పు దొరికితే వదలదు మరి! ఇంట్లో మొగుడు మడిచిన తువాలు విప్పి మళ్ళీ మడుస్తుంది. అత్తగారు ఏదైనా పాత సంగతి చెప్పబోతే, "అది బుధవారం కాదత్తయ్యా, గురువారం" అంటుంది. "నువ్వు పుట్టిన తేదీ కూడా నువ్వే దిద్దుకుని ఉంటావే తల్లీ" అని అత్తగారు ఓసారి దులిపేసింది.

ఉద్యోగమూ దిద్దుబాటే. మన నెత్తిమీద ఓజోను ఎంతుందో పైన తిరిగే ఉపగ్రహం కొలుస్తుంది. తనలో ఉన్న ఓ ప్లేటు మీద పడే ఎండను చూసుకుని, భూమి నుంచి తిరిగొచ్చే వెలుగును దానితో పోల్చుకుంటుంది. ఆ ప్లేటు కాస్తా ఎండకు ఏటికేడాది మసకబారుతుంది. ఇంకేం, ఆకాశంలో ఏమీ జరగకపోయినా ఏదో జరిగిపోతున్నట్టు అంకెలు పక్కకు జరుగుతాయి. "అంత ఆర్భాటంగా పైకి పంపారు, ఓ గుడ్డముక్కతో తుడిచే దిక్కు లేదు" అని ఈవిడ విసుగు. ప్లేటు ఏ నెల ఎంత మసకబారిందో లెక్కగట్టి, అంకెల్ని దారికి తెచ్చే పట్టిక ఆవిడది. పదకొండేళ్ళ చాకిరీ.

ఆ పట్టికతో దిద్దిన ఓజోను అంకెల గీత ఏటేటా పైకి వెళ్తోంది. పెద్దసారుకు అంతకన్నా ఏం కావాలి? సోమవారం విలేకరుల్ని పిలిచి ఓజోను కోలుకుంటోందని చాటేస్తాడట. అందుకని కొత్త కోటు కూడా కుట్టించుకున్నాడు. ప్లేటంటే అన్నం తినేదనుకునే మనిషి! 'ఈయన మొహానికి కోటొకటి' అనుకుంది సవరణమ్మ. కానీ గీత కింద తన పేరుంటుంది. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల పొంగిపోతూనే ఉంది.

ఆవిడ ధైర్యానికి ఇంకో కారణం ఊరి చివరి మేడ. ఆ మేడ మీద ఓ పరిశీలకుడు రోజూ మిట్టమధ్యాహ్నం పాత పరికరాన్ని సూర్యుడి వైపు తిప్పి, కింద నుంచే ఓజోను కొలిచి రిజిస్టర్లో రాస్తాడు. పైనుంచి ఈవిడ దిద్దిన అంకె, కింద నుంచి ఆయన కొలిచిన అంకె వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసేవి. అంతకంటే రుజువేం కావాలి?

విలేకరులకు చూపించడానికి ఆ రిజిస్టరు కావాలన్నాడు పెద్దసారు. ఇంకొకరు తెస్తే పేజీలు నలిపేస్తారని శుక్రవారం తనే వెళ్ళింది.

మేడ మీద గదిలో నిలబడే పేజీలు తిప్పింది. ప్రతి సిరా అంకె కిందా కాగితం అరిగిపోయి ఉంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూసింది. చెరిపేసిన పెన్సిలు గీతలు!

"ఇదేంటండీ? ముందు పెన్సిలుతో వేస్తారా?"

"అవునమ్మా. పన్నెండింటికి పెన్సిలుతో వేసుకుంటా. మూడింటికి మీ అంకె వస్తుంది కదా, అప్పుడు సరిచూసుకుని సిరాతో వేస్తా" అన్నాడు పరిశీలకుడు, ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో చూడమన్నట్టు.

"సరిచూసుకోవడం అంటే?"

"తేడా ఉంటే మీది వేసేస్తా."

"మీకేమైనా మతుందా? మిమ్మల్ని పెట్టిందే నా తప్పు పట్టుకోవడానికి! మీరు తానా అంటే తందానా అంటే ఇంక మీరెందుకు, ఆ పరికరం ఎందుకు?"

ఆయన మొహం చిన్నబోయింది. "మొదట్లో నాది నేనే వేసేవాణ్ణమ్మా. తేడా వచ్చినప్పుడల్లా పరికరం సరిగ్గా వాడటం రాదా అని మెమో వచ్చేది. నాలుగొచ్చాయి. నాలుగింటి మీదా సంతకం మీదే."

సవరణమ్మకు అప్పుడు వెలిగింది. ఇంతకాలం అద్దంలో తన మొహమే చూసుకుని, ఎదుటి మనిషి తలూపుతున్నాడని మురిసిపోయిందన్నమాట. పెద్దసారును వెక్కిరించింది, మొగుడి తువాలును వెక్కిరించింది. వీళ్ళందరికన్నా పెద్ద దద్దమ్మ తనే.

అక్కడినుంచే ఫోన్ చేసింది. "సార్, సోమవారం ఆపెయ్యండి. నా పట్టికను నమ్మడానికి లేదు. పెన్సిలు అంకెలు ఎన్ని చదవగలిగితే అన్నిటితో మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి."

"అందరికీ చెప్పేశానమ్మా! ఇప్పుడు నా పరువేం కాను? రెండూ కలుస్తున్నాయి కదా, ఎవడడుగుతాడు?"

"నేనడుగుతాను. ఆ గీత కింద నా పేరు తీసేయండి. పట్టిక వాడుతున్న వాళ్ళందరికీ ఈ రోజే ఉత్తరం రాస్తున్నా."

"పదకొండేళ్ళు ఏం వెలగబెట్టావమ్మా మరి?"

ఆవిడ ఫోన్ పెట్టేసింది.

పన్నెండైంది. పరిశీలకుడు పరికరం తిప్పి, కన్ను ఆనించి, చక్రాన్ని కాసేపు సవరించి అంకె చదివాడు. "రెండు వందల అరవై ఎనిమిది." ఆవిడ పట్టిక ప్రకారం ఈ వారమంతా రెండు వందల ఎనభై పైనే.

ఆయన పెన్సిలు తీశాడు. ఆవిడ పెన్ను అందించింది. ఆయన పెన్ను పట్టుకుని, కాగితం దాకా తెచ్చి ఆగిపోయాడు.

"మీది ఇంకా రాలేదు కదమ్మా," అన్నాడు భయంభయంగా, "మూడింటిదాకా ఆగమంటారా?"