అలా చేపా

అలియాబాద్‌లో వెల్డింగ్ పని చేసే గౌరయ్య ఆదివారమొస్తే శామీర్‌పేట చెరువు కట్ట మీద గాలం వేసుకుని కూర్చుంటాడు. చెంప మీద దోమ వాలినా కొట్టుకోడు. దారం కదిలిన తీరును బట్టి తగిలింది బొచ్చెనో జెల్లనో ముందే చెప్పేస్తాడు. చేప జారిపోయిన రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. మొన్న బాపట్లలో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, అదే గాలం పట్టుకుని భార్య వినోదతో సూర్యలంక సముద్రం ఒడ్డుకు వెళ్లాడు.

మొదటి అలే దారాన్ని తెచ్చి అతని కాళ్ల దగ్గర పడేసింది. మళ్లీ విసిరాడు. దారం లాగినప్పుడల్లా చేపనుకుని గుంజాడు. ప్రతిసారీ ఉత్త గాలమే వచ్చింది. పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన చూసి, "అది చేప కాదు బాబూ, అల. బరువైన సీసం గుండు కట్టి, రొయ్య గుచ్చి చూడు," అంటూ తన సంచిలోంచి రెండూ తీసిచ్చాడు. గౌరయ్య గుండు కట్టి, రొయ్య గుచ్చి, మళ్లీ విసిరాడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, దారాన్ని చూపుడువేలి మీద ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. అలలు లాగుతూనే ఉన్నాయి, అతను గుంజలేదు. ఉన్నట్టుండి దారం టకటకా కొట్టుకుంది. ఈసారి గుంజాడు. ఒక్క క్షణం బరువు తగిలి, అంతలోనే తేలిపోయింది.

"పోయిందా ఏంది?" అంది వినోద, అతని మొహం చూడడానికి జంకుతూ.

"పోయింది," అన్నాడు గౌరయ్య నవ్వుతూ. "గని గది అల గాదే, చేపనే."