సగం చెట్టు మీద ఐలయ్య

కొడిమ్యాల దగ్గర తాటిచెట్లెక్కి కల్లు గీసే ఐలయ్యకు ఎనిమిది నెలలుగా కుడి భుజం బిగుసుకుపోయి ఉంది. అంగీ తొడుక్కోవాలన్నా భార్య కొమురవ్వ సాయం పట్టాలి. "ముప్పై ఏండ్లు తాటిచెట్లెక్కిన మొగోన్ని, ఇప్పుడు మంచమెక్కనీకి మూలుగుతున్న," అని కనబడ్డవాళ్లకల్లా చెప్పి తనే పకపకా నవ్వేవాడు. ఎదుటివాళ్లు నవ్వకముందే నవ్వేస్తే బాధ కాస్త తక్కువ మరి! లోపల మాత్రం ఒకటే గుబులు. ఈ సీజన్లో కూడా ఎక్కకపోతే గీత సంఘం తన చెట్లను బావమరిది బుచ్చయ్యకు రాసిచ్చేస్తుంది.

జగిత్యాల డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. పూర్తి మత్తిచ్చి నిద్రలో భుజం వంచవచ్చు. లేదా మెడ పక్కన సూదితో చెయ్యొక్కదాన్నే మొద్దుబార్చి, మెలకువలోనే వంచవచ్చు. అవేవీ వద్దనుకుంటే భుజం వెనక నరానికి మత్తుసూది వేసి, నొప్పి తెలియనప్పుడు కసరత్తు మొదలుపెట్టవచ్చు.

"ఊరందరికి నిషా ఎక్కించినోన్ని, నాకు గా చిన్న సూది చాలమ్మా," అన్నాడు ఐలయ్య.

సూది పడ్డాక నొప్పి ఎటు పోయిందో ఏమో! "మత్తు కొన్ని గంటలే ఉంటది. ఇంటికాడ గోడ మీద వేళ్లను మెల్లగ పైకి పాకియ్యి," అంది డాక్టరమ్మ. గోడకంటే తాటిచెట్టు ఎత్తు కదా అనుకున్నాడు మన తెలివైనోడు. గంటల తరబడి కాచి ఎక్కిన బస్సు దిగాడో లేదో నడుముకు మోకుతాడు బిగించి చెట్టెక్కాడు. సరిగ్గా సగం ఎక్కేసరికి మత్తు తీరిపోయింది. పైకి పోలేడు, కిందికి రాలేడు.

"ఏందయ్యా, ఆగినవ్?" కింద నుంచి కొమురవ్వ అరిచింది.

"గాలి సల్లగస్తుందే!" అన్నాడు. ముక్కు మీంచి చెమట ధారలు కట్టింది.

ఆమె నమ్మితేగా! పరుగున పోయి తమ్ముణ్ణి పిలుచుకొచ్చింది. బుచ్చయ్య తన మోకుతో ఎక్కి, బావకు కాస్త కింద ఆగి, అతని పాదాన్ని భుజం మీద పెట్టుకున్నాడు.

"బామ్మర్దీ, ఇగ నాతోని కాదు. చెట్లు నువ్వే తీస్కో," అన్నాడు ఐలయ్య. ఆ మాట అనేసరికి ప్రాణం పోయినంత పనైంది.

"నీ చెట్లు నాకెందుకు బావా? నీకు మంచిగయ్యేదాంక నీ పేరు మీదనే గీస్తనని నెల కిందనే సంఘంల చెప్పిన. ఆ రెండో కాలు దించు."

ఐలయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"నొస్తుందా అయ్యా?" కొమురవ్వ గాబరాగా అడిగింది.

"నొస్తుందే," అన్నాడు. ఎంత వెతికినా జోకొక్కటీ దొరకలేదు.