చంద్రబింబం టోపీ అయిన కథ

తొంభైలలో మా హోసూరులో ఏ వస్తువునూ ఒట్టి ఒంటితో ఉండనిచ్చేవాళ్ళం కాదు. టీవీకి ముసుగు, రేడియోకి చొక్కా, టెలిఫోనుకు పావడా, మిక్సీకి గౌను. ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటి వెనకే నెల జీతాలు వచ్చాయి, జీతాల వెనకే సామాన్లు వచ్చాయి. కానీ ఆ సామాన్లను వాడుకోవడం కంటే వాటి మీద దుమ్ము పడకుండా కాపాడడమే మాకు పెద్ద పని అయిపోయింది. మా ఇంట్లో టీవీ ఎంత పదిలంగా ఉండేదంటే, ముసుగు తీసి మడతపెట్టేసరికి వార్తల్లో ముఖ్యాంశాలు అయిపోయేవి. ఈ ముసుగులన్నీ క్రోషా అల్లికలే. కొసన కొక్కెం ఉన్న సూది ఒకటి, ఊలు ఉండ ఒకటి ఉంటే చాలు, ఆడవాళ్ళు ఇల్లంతా అల్లి పారేసేవాళ్ళు. అందరూ ఒకరిని చూసి ఒకరు అల్లితే, డిగ్రీ చదివి ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న నేను మాత్రం కొత్త అల్లికలు సొంతంగా కనిపెట్టేదాన్ని. (కనిపెట్టడమంటే, ఇంగ్లీషు పుస్తకంలో చూసింది సగం మరిచిపోయి, మిగతా సగాన్ని సొంత తెలివితో పూరించడం అని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.)

కనిపెట్టినవాళ్ళు ఊరుకుంటారా? పుస్తకం వేయాలనిపించింది. అల్లికల పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, తమిళంలో ఉన్నాయి, మా చుట్టుపక్కల తెలుగులో మాత్రం నేనెక్కడా చూడలేదు. ఆ లోటు తీర్చడానికే నేను పుట్టానని ఇరవై రెండేళ్ళ వయసులో నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి వెంటనే తోడు దొరికింది మా పెద్దనాయన. ఆయన ముప్పై ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరై, మా పక్కవాటాలోనే ఉండేవారు. మా ఊళ్ళో తమిళం వీధిలో, కన్నడం పక్కింట్లో, తెలుగు వంటింట్లో బతుకుతుంటాయి. అలాంటి చోట తెలుగులో ఏది అచ్చయినా ఆయనకు పండగే, అది ఊలు గురించైనా సరే. నేను అడగకముందే నాలుగు పేజీల పీఠిక రాసి తెచ్చారు. అందులో తెలుగు భాష ప్రాచీనత గురించి మూడున్నర పేజీలు, మిగిలిన అరపేజీలో స్త్రీవిద్య గురించి కొంత, నా గురించి ఒక వాక్యం ఉన్నాయి. క్రోషా ఊసు లేదు.

తర్వాత నా రాతప్రతి తీసుకుని కూర్చున్నారు.

"పొట్టి కుట్టు, పొడుగు కుట్టు ఏంది పాపా, అంగట్లో మాటలు! హ్రస్వము, దీర్ఘము అని పెట్టు. గొలుసు వద్దు, శృంఖల అను."

"శృంఖల అని రాస్తే కల్లావి మాదిరి పల్లెల్లో ఉండే ఆడోళ్ళకు యాడ అర్థమవుతుంది పెద్దనాయనా? ఊలు పారేసి పోతారు."

"అర్థం కాకపోతే నేర్చుకుంటారు. పుస్తకమనేది ఎందుకుండాది?"

మూడు రోజులు గొడవపడ్డాం. నాలుగోరోజు అమ్మ వచ్చి, "మీరిద్దురూ పుస్తకం రాస్తా ఉండారా, ఆస్తి పంచుకుంటా ఉండారా?" అని అడిగాక ఆయన తగ్గారు. పొట్టి పొట్టిగానే, పొడుగు పొడుగుగానే మిగిలాయి. నేను గెలిచాననుకున్నాను. గెలిచినవాళ్ళు ఆ తర్వాత ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని నాకప్పుడు తెలియదు.

అచ్చు వేసింది పెళ్ళి పత్రికలు వేసే ప్రెస్సు. దాని యజమానిది తమిళం. తెలుగు అక్షరాలను ఒక్కొక్కటిగా గుర్తుపడతాడు గానీ వాటి మధ్య చుట్టరికం తెలియదు. "రెండు కుట్లలో ఒక్కొక్కటి, మూడోదాంట్లో రెండు" అని పేజీ నిండా ఉండడం చూసి, "ఏమ్మా, ఇది మంత్రమా? ఏ దేవుడికి?" అని భక్తిగా అడిగాడు. చివరి ప్రూఫు నేను చూడాలి. నేను ఆ వారమంతా ఫోటో స్టూడియోలో ఉన్నాను. వెనక అట్ట మీద నా ఫోటో వేయాలి కదా! గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒకటి, సూది పట్టుకుని దూరంగా చూస్తూ ఒకటి, కళ్ళు మూసుకుపోయినవి మూడు. ఆ హడావిడిలో ప్రూఫు పెద్దనాయన దగ్గరికి పోయింది. ఆయన ఎర్రసిరా పెన్నుతో దిద్ది పంపేశారు. ముందు అట్ట మీద "రూపకల్పన" అని, దాని కింద పుస్తకం పేరు కంటే పెద్ద అక్షరాల్లో నా పేరు వచ్చింది.

పుస్తకంలో నాకు ప్రాణమైన అల్లిక చంద్రబింబం. టీవీ మీద పరిచే గుండ్రటి ఊలు అల్లిక. రెండు నెలలకు కృష్ణగిరి మహిళా సంఘం నుంచి పిలుపు వచ్చింది. సంఘంలో ఇరవైమంది పుస్తకం చూసి చంద్రబింబం అల్లారట. వాటిని ప్రదర్శించి, నాకు శాలువా కప్పుతారట. పెద్దనాయన పట్టు ఉత్తరీయం వేసుకున్నారు. నేను కంచి పట్టుచీర కట్టుకున్నాను. ఇద్దరం పొద్దున బస్సెక్కి కృష్ణగిరి వెళ్ళాం.

సభలో పెద్దనాయన తెలుగు ప్రాచీనత దగ్గర మొదలుపెట్టి ఇంకా నన్నయ దాకా రాకముందే, ముందు వరుసలో సంచులు తెరుచుకోవడం కనిపించింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ చంద్రబింబం తీసి ఒళ్ళో పెట్టుకుంటున్నారు. అవి ఒళ్ళో పరుచుకోవడం లేదు. నిలబడుతున్నాయి. ఇరవై ఒళ్ళలో ఇరవై టోపీలు, ఎరుపు, పచ్చ, ఊదా. సంఘం అధ్యక్షురాలు నిండైన మనిషి. ఆవిడ లేచి, తన చేతిలోది పిడికిలి మీద బోర్లించి పైకెత్తింది.

"అమ్మాయ్, మేము ఇంతమందీ అక్షరం తప్పకుండా అల్లినాము. అందరికీ ఇదే వచ్చింది. మాకు నువ్వు టోపీ పెట్టినావా, మా చేతులతో మేమే పెట్టుకున్నామా, చెప్పు."

"నేను మూడుసార్లు విప్పి అల్లినాను," అంది వెనక నుంచి ఇంకొకావిడ. "మూడుసార్లూ కుల్లాయే. టీవీ మీద పెడితే, వెనకాల ఎవరో నక్కి కూర్చోనుండే మాదిరి ఉండాది."

నేను పుస్తకం తెరిచాను. గుండ్రటి అల్లిక బల్లపరుపుగా పరుచుకోవాలంటే ప్రతి వరుసలోనూ కొన్ని కుట్లు పెంచుతూ పోవాలి. పెంచడం ఆపితే అంచు కిందికి వంగి గిన్నె అవుతుంది. ఇంకా అల్లితే టోపీ అవుతుంది. అందుకే ఏ వరుసలో ఎక్కడ రెండేసి కుట్లు వేయాలో పన్నెండు వరుసలకూ విడివిడిగా రాశాను. అచ్చులో నాలుగు వరుసలే ఉన్నాయి. వాటి కింద, "తక్కిన ఎనిమిది వరుసలును పొడుగు కుట్లతో అల్లి ముగించునది" అని ఉంది. ఆ "ముగించునది" ఎవరిదో చెప్పనక్కరలేదు. తలెత్తి చూస్తే, మైకు పట్టుకుని నిలబడ్డ పెద్దనాయన నన్నే చూస్తున్నారు. హాలంతా నన్నే చూస్తోంది.

"తప్పు నాదేనమ్మా," అన్నాను. "చివర్లో సరిచూడలేదు." (ఇది గొప్ప త్యాగమని చాలా ఏళ్ళు అనుకున్నాను. సగానికి సగం నిజమే కదా, స్టూడియోలో కూర్చున్నది ఎవరు?) శాలువా కప్పారు. అది కూడా మడత విప్పకుండానే భుజం మీద పెట్టారు.

తిరుగు బస్సులో ఆయన నా పుస్తకం తీసుకుని చంద్రబింబం పేజీ తిరగేస్తూ కూర్చున్నారు. శూలగిరిలో బస్సు ఆగినప్పుడు అడిగారు.

"నేనేం తీసేసినాను పాపా?"

"మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలు తీసేసినారు పెద్దనాయనా."

"అది పునరుక్తి దోషం కదా?"

"పద్యానికి దోషమేమో. ఊలుకు కాదు."

నేనైతే ఇంటికొచ్చి రెండు రోజులు ఏడ్చాను. మూడోరోజు పొద్దున ఆయన మా వాకిట్లోకి వచ్చి చెయ్యి చాపారు. "సూది ఇయ్యి. నేను దిద్దింది నేనే చదివి చేసి చూస్తాను." గొలుసు కుట్టు వేయడం వరకు నేర్పనిచ్చారు. అక్కడినుంచి సాయం ముట్టనివ్వలేదు. ఊలు ఉండ ఒళ్ళోంచి జారి వీధిలోకి దొర్లేది. ఆయన పంచె ఎగ్గట్టుకుని దాని వెంట పోయేవారు. "ఏమప్పా, పండితులు గాలిపటం ఎగరేస్తా ఉండారా?" అని వీధివాళ్ళు అడిగేవాళ్ళు. ఎనిమిదోరోజు టోపీ తయారైంది. దాన్ని తలమీద పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని మా ఇంటికొచ్చారు. "ఇదిగో, నా వాక్యం" అన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత నా చేతిరాత చూసి ఇంకొకటి అల్లారు. అది చక్కగా పరుచుకుంది. దాన్ని కుర్చీ చేతి మీద వేసి, వేలితో వరుసలు లెక్కపెడుతూ చాలాసేపు కూర్చున్నారు.

"ముప్పై ఏండ్లు పిల్లకాయల వ్యాసాల్లో రెండోసారి వచ్చిన మాటనల్లా ఎర్రసిరాతో కొట్టేసినాను పాపా. వాళ్ళల్లో ఎంతమంది ఏమేమి అల్లుకుంటా ఉన్నారో, ఏమో."

కాఫీ తెచ్చి ఇచ్చాను.

తప్పులు దిద్ది పుస్తకాన్ని మళ్ళీ అచ్చుకిచ్చాం. అది ప్రెస్సులో ఉండగానే డెంకణికోట వైపు నుంచి ఒక రైతుల ఇంటావిడ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. చంకలో పాత పుస్తకం, చేతిలో టోపీ. నేను గుమ్మంలోనే క్షమాపణ మొదలుపెట్టాను. ఆవిడ వినిపించుకోలేదు.

"మా పక్క చలికి ఇంత బాగా సరిపోయే కుల్లాయి యాడా దొరకదమ్మా. మా ఆయనకు అల్లినాను, మా మరుదులకు అల్లినాను. ఏనుగులు వచ్చినాయని డబ్బాలు కొట్టేదానికి పోయేటప్పుడు మా ఊర్లో మగోళ్ళందరూ దీన్నే పెట్టుకొని పోతారు. చెవులు గూడా మూసుకునేట్టు ఎట్ల అల్లేది, అది చెప్పు."

(ఎరుపు, ఊదా ఊలు టోపీలు పెట్టుకుని డబ్బాలు కొడుతున్న మగవాళ్ళను చూసి ఏనుగులు ఏమనుకున్నాయో నాకు తెలియదు.) నేను నోరు తెరిచేలోగా పెద్దనాయన పక్కవాటా నుంచి వచ్చేశారు. ఆవిడ ఎదురుగా కూర్చుని, చెవుల దగ్గర ఎన్ని కుట్లు వేయాలో, ఎక్కడ తగ్గించాలో, చెప్పిందే మూడుసార్లు చెప్పారు.

దిద్దిన పుస్తకం వచ్చింది. ఎవరూ కొనలేదు. ప్రెస్సాయన విసుక్కున్నాడు. "ఏమ్మా, అందరూ కుల్లాయి ఉండే తప్పు పుస్తకమే అడుగుతా ఉండారు. ఒప్పు పుస్తకం ఎవురికీ వద్దంట!" కృష్ణగిరి అధ్యక్షురాలు కూడా తన మనవళ్ళ కోసం పాతదే కావాలని ఉత్తరం రాసింది. "చూసినావా, నా దిద్దుబాటుకు ఎంత ఆదరణ ఉండాదో!" అన్నారు పెద్దనాయన, గెలిచిన మనిషిలా. మూడోసారి టోపీని వేరే అల్లికగా చేర్చి వేశాం. దాని కింద "రూపకల్పన" అని ఆయన పేరు పెట్టాను. నా పేరున్నంత పెద్ద అక్షరాల్లో కాదు లెండి, అంత ఉదారత నాకింకా అలవడలేదు.

ఇప్పుడు నా అల్లికలు కంప్యూటర్లో రాసుకుంటున్నాను. అచ్చుకు పోకముందే ముగ్గురు ఆడవాళ్ళు అల్లి చూసి చెబుతారు. నేను రెండుసార్లు లెక్క సరిచూస్తాను. పద్మం అని రాస్తే పద్మమే వస్తుంది, నెమలి అని రాస్తే నెమలే వస్తుంది. కొన్నవాళ్ళు బాగుందని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. సంచులు పట్టుకొచ్చి నిలదీసేవాళ్ళు లేరు, బస్సు దిగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళూ లేరు. ఇంత జాగ్రత్త మనిషిని నేనెప్పుడయ్యానా అని ఒక్కోసారి నవ్వొస్తుంది. ఒక్కోసారి, అందరూ నిద్రపోయే మధ్యాహ్నం వేళ, తెరమీద ఒక వరుస చెరిపేసి చూస్తాను. కాసేపు అలాగే ఉంచి, మళ్ళీ పెట్టేస్తాను.