చెట్టు కాడనే తినాలె

ఫ్రాన్స్‌ల కొలువు అంటే మా ములకలపల్లి దిక్కు అందరు ప్యారిస్ అనుకున్నరు. నేను దిగింది పెద్ద గుట్టల మొదట్ల, ఏటి ఒడ్డున ఉన్న ఇంతంత ఊరు. ముందల ఏరు, ఎనుక గుట్టలు, నడుమ ఒకటే బజారు. పగలు పన్నెండు కొట్టంగనే దుకాణాల షట్టర్లు పడతయి. ఆదివారం బస్సు రాదు. మా అడివి దిక్కోళ్ళకు గుట్ట అంటే ఎక్కేది, ఏరు అంటే దాటేది. ఆడ రెండూ గోడల లెక్క నిలబడ్డయి.

నా పని ఒక అవ్వను చూసుకునుడు. ఖమ్మంల నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేసినందుకు దొరికింది. కింద అవ్వ బిడ్డది రొట్టెల దుకాణం, మీద మేమిద్దరం. అవ్వ ఒకసారి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కాలు అతికి ఏడాది దాటినా మెట్లు దిగాలంటే భయం. నేను రెండేండ్లకు సంతకం పెట్టిన, ఒక ఏడాది అయింది. ఈ ఎండాకాలం దాక చూస్త, అమ్మ కిందికి దిగకపోతే వృద్ధాశ్రమానికి పంపుత అన్నది బిడ్డ. గట్ల పంపితే నేను ముందే ఇంటికి పోవచ్చు.

నిజం చెప్త, దాచుడెందుకు. అవ్వ దిగొద్దనే కోరుకున్న. ఆరేండ్ల నా బిడ్డ మా అమ్మ కాడ ఉంది. రోజూ పొద్దుగాల అవ్వ కాళ్ళకు కసరత్తు చేపిచ్చుకుంట, లోపల మాత్రం 'దిగకు అవ్వా, నీకు దండం పెడ్త' అనుకునేదాన్ని. సిగ్గుండాలె నాకు.

పెరట్ల ఏటి పక్కన చెర్రీ చెట్టు ఎర్రగ కాసింది. దుకాణం బందున్న సోమవారం అవ్వ బిడ్డ నా చేతికి బుట్ట ఇచ్చి, పిట్టలు తింటున్నయి, జల్దీ తెంపమన్నది. నా చెయ్యి లేవలే. మా ఊర్లె కొత్తకాయకు పండుగ చేసి, పెద్దోళ్ళు చెట్టు కాడ మొక్కి నోట్లె పెట్టుకున్నంకనే మిగిలినోళ్ళు ముట్టాలె. అప్పటిదాక రాలిన మామిడికాయ సుత పిల్లలు తియ్యరు. నేను తెలుగుల మాట్లాడితే నా ఫోన్ వాళ్ళ భాషల చెప్తది, వాళ్ళ మాట నాకు తెలుగుల చెప్తది.

"ఈ ఇంటికి పెద్ద అవ్వ. ముందుగాల ఆమె తినాలె అక్కా" అన్న.

"దానికేంది, రెండు మీదికి తీస్కపో" అన్నది.

"గట్ల కాదు. చెట్టు కాడనే తినాలె."

నోరు మూసుకుని రెండు కాయలు తీస్కపోతే అయిపోయేది. నా నోరు ఊకుంటదా?

మీద కిటికీల కూసున్న అవ్వ అదంతా విన్నది. రెండు రోజులు నాతోటి మాట్లాడలే. పిట్ట వాలినప్పుడల్లా కర్రతోటి కిటికీని కొట్టింది. మూడో రోజు పొద్దుగాల ఆ కర్ర పట్టుకుని మెట్ల కాడికి నడిచింది. నేను పట్టుకోబోతే చెయ్యి ఇదిలిచ్చుకుంది. మెట్టు మెట్టుకు కూసుంట, తిట్టుకుంట దిగింది. ఆ తిట్లు పిట్టలకా నాకా అంటే, నాకే. చెట్టు కిందికి పోయి ఒక్కటి తెంపి నోట్లె ఏసుకుని, గింజ ఏట్లెకు ఉమ్మింది. ఇంకొకటి తెంపి నా నోట్లె పెట్టింది.

అవ్వ బిడ్డ పిండి చేతులతోనే ఉరికొచ్చి అమ్మను పట్టుకుని ఏడ్చింది. నేను సుత ఏడ్చిన. సంతోషానికని వాళ్ళనుకున్నరు. సగం అదే. చెర్రీ మాత్రం తియ్యగనే ఉండె. ఆశ్రమం మాట ఆ రోజుతోనే పోయింది. నన్ను ఎవరూ బంధించలే. మా ఆచారం చెప్పి ఇంకో ఏడాదికి నేనే తలుపేసుకున్న.

పగటాల ఇంటికి ఫోన్ చేసిన. నా బిడ్డ ఎత్తింది.

"మామిడిపండ్లు తింటున్నవా?"

"తింటలే."

"ఎందుకే? పండుగ అయ్యి శాన రోజులాయె గదా?"

"అమ్మమ్మ తిన్నది, అందరు తిన్నరు. నాకు పెద్ద నువ్వు గదా. నువ్వొచ్చి తిన్నంక తింట."

కింద అవ్వ నవ్వు వినపడుతుండె.

"నేను తిన్న బిడ్డా, ఇయ్యాల పొద్దుగాలనే, చెట్టు కాడ నిలబడి తిన్న. ఇగ నువ్వు తిను" అన్న. ఎప్పుడొస్తవని అది అడగకముందే ఫోన్ పెట్టేసిన.