పన్నెండు ప్లస్ ఎనిమిది ఇంటూ ఐదు

కొత్తగ నౌకరీ దొరికిన రోజుల్ల మనిషి కాళ్లు నేల మీద ఆనవు. నాయి అసలే ఆనలే. మా వాడకట్టుల గణితం చదివి, బీఎడ్ చేసి, బడిల టీచర్‌గ చేరిన మొదటి ఆడపిల్లను నేనే. నాయిన సోలాపూర్‌ల కుమఠా నాకా కాడ పవర్‌లూమ్ కార్ఖానాల చాదర్లు నేసేటోడు, అమ్మ ఇంట్ల బీడీలు చుట్టేది. ఇద్దరు కలిసి నన్ను చదివించిన్రు. నాకు అప్పుడు ఇరవై మూడేండ్లు. నాకు తెల్వని సంగతి ఏమన్న ఉంటే అది తెలుసుకోనక్కర లేని సంగతే అయి ఉంటదని నమ్మే వయసు. (ఆ నమ్మకం ఎంత హాయిగ ఉండేదో ఇప్పుడు చెప్తే ఎవరికీ అర్థం కాదు.) ఈ ముచ్చట తల్చుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతయి, అయినా చెప్తున్న.

మాది మరాఠీ మీడియం బడి. తరగతిల మరాఠీ, మైదానంల తెలుగు, కొట్లాటల రెండూ. టీచరమ్మలను పిల్లలు 'బాయి' అంటరు, అందరి లెక్కనే నేను కూడ బాయినే. ఆరు, ఏడు తరగతులకు గణితం చెప్పేది. వరండా చివర ఒక గది ఉండె, అది లైబ్రరీ. దాన్ని చూసుకునేటాయనను హెడ్‌సర్ నుంచి ఒకటో తరగతి పిల్ల దాక అందరూ కాక అనేటోళ్లు. (మరాఠీల అన్నా కాకనే, మన దిక్కు అన్నా కాకనే, ఎవరికీ తేడా రాలే.) యాభై దాటిన మనిషి, సన్నగ ఉండేటోడు, చినిగిన పుస్తకాలకు మైదా అంటు పెట్టుకుంట కూసునేటోడు. నా లెక్కల ఆయన పుస్తకాల మీద దుమ్ము దులిపే మనిషి, అంతే. చేరిన ఆరు నెలలల్ల నేను ఆ గదిలకు పోయింది రెండుసార్లు, రెండుసార్లు కూడ అక్కడ ఫ్యాన్ మంచిగ తిరుగుతదనే పోయిన.

ఆ ఏడు బడి కమిటీవాళ్లకు కంప్యూటర్లు పెట్టాలని మనసు పడ్డది. గది లేదు. లైబ్రరీకి ఎవరు పోతున్నరని, ఆ గదినే తీసుకుందామని మాట లేచింది. అది తీసుకుంటే కాక నౌకరీ ఏమైతదో ఎవరూ పైకి అనలే. అప్పుడు కాక నా దగ్గరికి వచ్చి ఒక ఆలోచన చెప్పిండు. నేను లెక్కలు తయారుచేయాలె. ఒక్కో చీటీ మీద ఒక లెక్క, ఒక పుస్తకం పేరు. లెక్క చేస్తే వచ్చే జవాబు ఆ పుస్తకంల పేజీ నంబరు. ఆ పేజీ తెరిస్తే ఇంకో చీటీ, దాని మీద ఇంకో లెక్క. అట్ల ఐదు పుస్తకాలు ముందుగాల దాటిన గుంపు గెలిచినట్టు. కమిటీవాళ్లను పిలిచి చూపిద్దాం, పిల్లలు పుస్తకాలు పడుతున్నరని వాళ్లకు కండ్లకు కనబడుతదని అన్నడు. ఆలోచన ఎంత మంచిదో నాకు అప్పుడే తెలిసింది. అందుకనే హెడ్‌సర్‌కు చెప్పేటప్పుడు సగం నాదన్నట్టు చెప్పిన. (సగం అని ఇప్పుడు అంటున్న. అప్పుడు ఎంత అన్ననో నాకు బాగనే యాదికి ఉంది.)

లెక్కలు రాసి, జవాబుల లిస్టు కూడ రాసి కాకకు ఇచ్చిన, ఏ పేజీల ఏ చీటీ పెట్టాలెనో ఆయనకు తెల్వాలె కద. రెండు రోజులకు నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు ఆయన ఆ కాగితం పట్టుకొని తలుపు కాడ నిలబడ్డడు. బాయి, మూడోది ఒక్కసారి చూస్తరా అని మెల్లగ అడిగిండు. నేను చేతిల ఖడూ, అదే చాక్‌పీసు, కింద పెట్టకనే, బోర్డు దిక్కు నుంచి మొకం తిప్పకనే అన్న.

"లెక్కల సంగతి నేను చూసుకుంట కాకా. మీరు మీ పుస్తకాలు చూసుకోండి."

పిల్లలు కిసుక్కున నవ్విన్రు. కాక "సరే బాయి" అని పోయిండు. ఆ రోజు బోర్డు మీద నేను చెప్తున్న పాఠం ఏందంటే, 'కంచేభాగుబేవ'. ఒక లెక్కల కూడికలు, గుణకారాలు కలిసి ఉంటే ముందు ఏది చేయాలె, తర్వాత ఏది చేయాలె అని యాదికి పెట్టుకునేతందుకు మరాఠీ పిల్లలు పాడుకునే మాట అది. ముందు బ్రాకెట్లు, తర్వాత భాగారం, గుణకారం, ఆఖరికి కూడిక, తీసివేత. ఆ వారం అంతా పిల్లలతోని అదే వల్లె వేయించిన.

ఆట నాడు కమిటీ నుంచి ముగ్గురు పెద్దలు వచ్చి కుర్చీలల్ల కూసున్నరు. ఐదు గుంపుల పిల్లలు. మొదటి రెండు పుస్తకాలు సాఫీగ దాటిన్రు. మూడో చీటీ మీద లెక్క: 12 + 8 × 5. పుస్తకం, పక్షులది. పిల్లలు కంచేభాగుబేవ అనుకుంట యాభై రెండు తెచ్చిన్రు, యాభై రెండో పేజీ తీసిన్రు. అక్కడ ఒక గుడ్లగూబ బొమ్మ తప్ప ఏం లేదు. మొదటి గుంపు వెనుక రెండో గుంపు, దాని వెనుక మూడోది, ఐదు గుంపులు ఆ ఒక్క పుస్తకం చుట్టూ మూగి గుడ్లగూబను చూసుకుంట నిలబడ్డయి. ఒక పిల్ల పుస్తకం ఎత్తి కింద కూడ చూసింది. కమిటీ పెద్దాయన గడియారం చూసుకున్నడు. హెడ్‌సర్ నన్ను చూసిండు.

నేను ఒక్క నిమిషం ఆగి ఆ లెక్కను మనసుల చేసుకుంటే అయిపోతుండె. చేయలే. అందరి ముందట కాక దిక్కు తిరిగి, "చీటీ తప్పు పేజీల పెట్టిన్రా కాకా? నంబర్లన్న సరిగ చూసుకోవద్దా?" అన్న.

కాక వచ్చి అదే పుస్తకంల నూరో పేజీ తీసి, అక్కడున్న ఐదు చీటీలు బయటికి తీసిండు. ఒక్కసారి నా మొకం దిక్కు చూసిండు. తర్వాత కమిటీవాళ్లకు కూడ అర్థం కావాలని మరాఠీల, "హో బాయి, చూక్ మాఝీచ్," అన్నడు. తప్పు నాదే అని. చీటీలు పిల్లల చేతులల్ల పెట్టి మళ్లీ తన మూలకు పోయి నిలబడ్డడు. ఆట నడిచింది, ఒక గుంపు గెలిచింది, చప్పట్లు కొట్టిన్రు. పోయేటప్పుడు కమిటీ పెద్దాయన హెడ్‌సర్‌తోని కాకకు వయసు మీద పడ్డట్టుంది, గది సంగతి తొందరగ తేల్చుకుందామని అన్నడు. నన్ను మాత్రం మెచ్చుకున్నడు. నేను నమస్తే పెట్టిన.

మర్నాడు కాక నా కాగితాలన్నీ మడత పోకుండ ఒక ఫైల్ల పెట్టి పంపిండు. తీసి చూసిన. జవాబుల లిస్టుల మూడోది, నా చేతిరాత, నా నీలం సిరా: 100. దాని పక్కన పెన్సిల్‌తోని, మనిషి గొంతు తగ్గించి అడిగినట్టు, సన్నగ '52?' అని ఉంది. కంచేభాగుబేవ చెప్పే బాయి ముందుగాల కూడి, తర్వాత గుణించింది. బస్సుల కూసొని రాసిన, కుదుపులకు తప్పు పడ్డదని తర్వాత చాన మందికి చెప్పుకున్న గని, ఆ రోజు బస్సు స్టాండుల ఆగే ఉండె.

ఆ ఫైల్ మూసి మూడు రోజులు నోరు ఎత్తలే. లైబ్రరీ ముందట నుంచి పోవద్దని వెనుక మెట్లు ఎక్కిన. ఇటు దిక్కు ఎందుకు వస్తున్నరని ప్యూన్ అడిగితే, నడిస్తే మోకాళ్లకు మంచిదన్న. (ఇరవై మూడేండ్లకు మోకాళ్లు.) తరగతిల పిల్లలు కంచేభాగుబేవ అని పాడితే, అది అయిపోయింది, ఇగ భూమితి, అంటే రేఖాగణితం, తీయండని అన్న. సోలాపూర్ జిల్లాల ఆ ఏడు అంత తొందరగ భూమితి మొదలుపెట్టిన బడి మాదే అయి ఉంటది.

నాలుగో రోజు సాయంత్రం అమ్మ బీడీలు చుట్టుకుంట, అన్నం ఎందుకు తింటలేవని అడిగింది. చెప్పిన. చెప్పేటప్పుడు బస్సు కుదుపులు, హెడ్‌సర్ తొందర అన్నీ కలిపి చెప్పిన. అమ్మ చేతులు ఆగలే. కాకను ఆమె చిన్నప్పటి నుంచి ఎరుగునట. పదహారేండ్లకే కార్ఖానాల చాదర్ డిజైన్లకు అట్టలు కొట్టేటోడట. చాదర్ మీద నెమలి రావాలంటే గళ్ల కాగితం మీద లెక్కపెట్టుకుంట అట్టలకు రంధ్రాలు కొట్టాలె, ఒక్క రంధ్రం తప్పితే నెమలి మెడ విరుగుతది. ఆయన కొట్టిన అట్టలల్ల తప్పు దొరికిందని ఎవరూ అనంగ వినలేదట. సాయంత్రం కాలేజీల చదువుకొని తర్వాత లైబ్రరీల చేరిండట. అంతా చెప్పి అమ్మ అన్నది.

"నా బీడీల కట్ట ఖరాబుంటే కంపెనీ చెకర్ నా ముందటనే పడేస్తడు. అది నాదే కాబట్టి నేను ఎత్తుకుంట. నువ్వు నీ కట్ట తీసి ఇంకొకరి ముందట పడేసినవ్ బిడ్డా."

ఇంకో నాలుగు మాటలు అంటే బాగుండు, నేను ఎదురు చెప్పుకుందును.

మర్నాడు ముందటి మెట్లే ఎక్కి లైబ్రరీకి పోయిన. ఫైల్ తీసి బల్ల మీద పెట్టి, తప్పు నాదే కాకా అన్న. ఆయన నాకు కుర్చీ జరిపిండు. మీకు తెలిసి కూడ యాభై రెండుల ఎందుకు పెట్టలేదని అడిగిన. ఆయన ఏదన్న కోపంగ అంటే సగం బరువు దిగుతుండె. ఆయన మెల్లగ చెప్పిండు.

"పెడ్దామనుకున్న. గని మీరు గణితం చదివిన మనిషి. నాకు తెల్వని కొత్త పద్ధతి ఏమన్న వచ్చిందేమో అనుకున్న బిడ్డా."

నేను ఆ గదిల ఎంతసేపు ఏడ్చిన్నో తెల్వదు. కాక పాపం ఏం చేయాలెనో తెల్వక పుస్తకాలు సర్దుకుంట తిరిగిండు, ఒకసారి ఫ్యాన్ పెంచిండు, ఒకసారి తగ్గించిండు. తర్వాత హెడ్‌సర్ దగ్గరికి పోయి చెప్పిన. ఆయన, నాకు చెప్తే చాలదు, అందరి ముందట అన్నవు కద, అందరి ముందటనే చెప్పాలె అన్నడు. శనివారం ప్రార్థన అయినంక మైకు ముందట నిలబడి, కమిటీ పెద్దాయన కూడ ఉండంగ, లెక్క రాసి తప్పు చూపించిన. కాకను మాఫీ అడిగిన. అప్పుడు ఆరో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తి, మరి మీకు ఎన్ని మార్కులు కోస్తరు బాయి అని నిజంగనే తెలుసుకోవాలని అడిగింది. అందరికంటే ముందుగాల నవ్వింది కాకనే.

గది పూరా దక్కలే. నడుమ ప్లైవుడ్ గోడ కట్టి అటు కంప్యూటర్లు, ఇటు పుస్తకాలు పెట్టిన్రు. కాక నౌకరీ నిలిచింది. రిటైరయ్యే దాక నెలకోసారి ఇద్దరం కలిసి ఆ ఆట ఆడించినం. నాకు మాత్రం ఆ శనివారం నుంచే ఒక పేరు పడ్డది, శంభర్ బాయి. శంభర్ అంటే మరాఠీల వంద. వెనుక అంటుండెటోళ్లు, పోను పోను ముందటనే అన్నరు.

మొన్న జోడ్‌భావి పేట్‌ల కూరగాయలు కొంటుంటే అప్పటి పిల్ల ఒకతి కనబడ్డది, పెండ్లయింది. మా శంభర్ బాయి అని భర్తకు చూపించింది. ఆ పిల్లగాడు చేతులు జోడించి, మీ దగ్గర అందరికీ వందకు వంద వస్తుండె కావచ్చు అన్నడు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక కొత్తిమీర దిక్కు తిరిగింది. అవునని తలూపుదామని ఒక్క క్షణం మస్తు ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు. తర్వాత బండి కాడనే నిలబడి మొత్తం చెప్పిన. టమాటాలు అమ్మే ఆమె కూడ తూకం ఆపి విన్నది.

ఇంటికి నడుచుకుంట వస్తుంటే ఆ ఇరవై మూడేండ్ల బాయి యాదికి వచ్చింది, ఇస్త్రీ చీర, చేతిల ఖడూ, తల ఇంత ఎత్తుల. ఎదురుపడితే పక్కన కూసోబెట్టుకొని, చాయ్ పోసి, నాలుగు మాటలు చెప్పాలనిపించింది. వింటదని మాత్రం నాకు నమ్మకం లేదు.